నాకు సున్నా వేసిన గోల్ఫ్ వారం

ముందే చెప్పేస్తున్నాను, నాకు జరిగింది అన్యాయం. అరవై తొమ్మిదేళ్ళ మనిషిని, ఇరవై రెండేళ్ళు గల్ఫ్ ఎండలో మాడి వచ్చిన మనిషిని, కొత్తపేట రోడ్డు మీద టీ కొట్టు గోడకి తగిలించిన నల్లబల్ల మీద వరసగా అయిదు రోజులు అందరికన్నా అట్టడుగున రాసేరు. పాలు పోయడానికి వెళ్ళేవాళ్ళు చదివేరు. బడికెళ్ళే మేష్టర్లు చదివేరు. అమలాపురం బస్సులో కూర్చున్న ఒకాయన నా అంకె చదవడం కోసం డ్రైవరు చేత బస్సు ఆపించేడు. సరే, బస్సు దానంతటదే ఆగింది, అక్కడ స్టాపు ఉంది. కానీ ఆయన కిటికీలోంచి మెడ బయటికి పెట్టి చదివిన మాట మాత్రం నిజం.

ఇదంతా మా క్లబ్బు నిర్వాకం. మాది గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్ళ క్లబ్బు. పదేళ్ళకి తక్కువ కాకుండా అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళకే సభ్యత్వం. ఎరువుల కొట్టు మీద గది. ఓ క్యారమ్ బల్ల, రెండు పేకముక్కల కట్టలు, గోడకి ఒంటె బొమ్మ ఉన్న గడియారం. శుక్రవారం మధ్యాహ్నం అందరం చేరి ఖర్జూరం తిని, పాలు లేని చేదు కాఫీ తాగుతాం. ఆ కాఫీ అక్కడున్నప్పుడు మాలో ఒక్కడికీ నచ్చేది కాదు. ఇక్కడికొచ్చేక అది లేకపోతే శుక్రవారం గడవదు. డ్రైవర్లు, వంటవాళ్ళు, వెల్డర్లు, ఓ స్టోరు గుమాస్తా, ఆస్పత్రుల్లో పనిచేసొచ్చిన నర్సమ్మలు. ఎవరు గుడికెళ్తారో ఎవరు చర్చికెళ్తారో ఊరికి తెలుసు గానీ, ఆ గదిలో మాత్రం ఎవరు ఏ క్యాంపులో ఉన్నారన్నదే లెక్క.

ఆ స్టోరు గుమాస్తా గారే మా అధ్యక్షుడు. ఆయన దగ్గర గోల్ఫ్ కర్రల సంచులు రెండున్నాయి. ఆయన పైన పనిచేసిన దొర ఒకాయన ఆ దేశం విడిచి వెళ్ళిపోతూ, మోసుకెళ్ళలేక ఇచ్చేసినవి. ఏళ్ళ తరబడి అటక మీద పడున్నాయి. ఈ ఏడు రెండో పంట దాళ్వా కోతలయిపోయి, కాలవలు కట్టేసి, చేలు బోసిగా ఉన్న రోజుల్లో ఆయనకి బుద్ధి పుట్టింది.

"అక్కడ దొరల క్లబ్బులో ఏటా వారం రోజులు పోటీలు పెట్టుకునేవారు గదండీ. మనకేం తక్కువ? నా నాలుగెకరాలూ ఖాళీగానే ఉన్నాయి," అన్నారు.

"ఆయ్, మనకేం తక్కువండీ," అన్నాం అందరం.

ఇక్కడో సంగతి చెప్పాలి. టీవీలో చూపించే గోల్ఫ్‌లో నేలంతా పచ్చగడ్డి, బంతిని గుంటలోకి దొర్లించే చోట మరీ నున్నటి గడ్డి. మేము చూసిన గోల్ఫ్ అది కాదు. మేమున్న ఎడారిలో గడ్డి పరక లేదు. బంతి దొర్లించే చోట ఇసకలో నూనె కలిపి, అణగదొక్కి, నున్నగా లాగి గుండ్రంగా మడి కట్టేవారు. మధ్యలో గుంట. దాన్ని బ్రౌన్ అనేవారు. మిగతా నేలంతా రాళ్ళు కాబట్టి, ఆడేవాడు చేటంత ప్లాస్టిక్ గడ్డి ముక్క ఒకటి వెంట తీసుకెళ్ళి, బంతి పడ్డ చోటల్లా ఆ ముక్క వేసి, దాని మీద బంతి పెట్టి కొట్టేవాడు. మాలో అందరికీ తెలిసిన గోల్ఫ్ ఇదొక్కటే.

అంచేత కోనసీమలో, పచ్చదనం తప్ప మరోటి కనపడని చోట, మేము ధాన్యం ఆరబోసుకునే బరకాలు ఆరు పరిచి, వాటి మీద గోదావరి ఇసక పోసి, ట్రాక్టరు షెడ్డులో పారబోసే నల్లనూనె తెచ్చి కలిపి, ఆరు బ్రౌన్లు తయారుచేసేం. పెళ్ళి స్టేజీల మీద పరిచే పచ్చ ప్లాస్టిక్ గడ్డి అమలాపురం నుంచి ఒక చుట్ట తెప్పించి, తలో ముక్కా కోసుకుని, తాడు కట్టి మెడలో వేసుకున్నాం. చేలో వరి దుబ్బుల మధ్య గరిక పచ్చగా లేచి ఉంది. ఆ గరిక మీద ఈ ప్లాస్టిక్ గడ్డి వేసి, దాని మీద బంతి పెట్టి కొట్టడం.

పక్క చేలో గేదెల్ని మేపుకునే ఆసామి మా ఏర్పాట్లు రెండు రోజులు చూసి, ఇంక ఉండబట్టలేక గట్టెక్కి వచ్చేడు.

"కింద గడ్డి ఉంది గదండీ. మళ్ళీ దాని మీద గడ్డెందుకండీ?"

"రూలండీ," అన్నారు అధ్యక్షులు.

"ఎవరి రూలండీ?"

"ఆటదండీ."

ఆయన మా మెడల్లో వేలాడుతున్న ముక్కల్ని ఒక్కొక్కటే చూసేడు. "అయితే అవి ఇక్కడ పడేసిపోకండేం. మా గేదెలు తింటే చస్తాయి," అని చెప్పి వెళ్ళిపోయేడు.

ఇక నా సున్నా సంగతి. గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ దెబ్బలతో బంతిని గుంటలో వేస్తే అంత గొప్ప. అయితే అందరూ సమానంగా ఆడలేరు కాబట్టి, ఆడలేనివాడికి కొన్ని దెబ్బలు మాఫీ చేస్తారు. నీకు ఇరవై మాఫీ అనుకోండి, రోజంతా తొంభై కొడితే డెబ్బై అని రాస్తారు. బ్రహ్మాండంగా ఆడేవాడికి మాఫీ ఏమీ ఉండదు. వాడికి సున్నా. దొరల క్లబ్బులో సున్నా ఉన్నవాడు నడిచొస్తుంటే మిగతావాళ్ళు కుర్చీలు జరిపేవారు. ఇది నేను కళ్ళారా చూసేను.

పోటీలకి ముందు శుక్రవారం మా కమిటీ కూర్చుంది. ఆడేవాళ్ళం పదకొండు మందిమి. దెబ్బలు రాసే పుస్తకం సిస్టర్ గారి చేతిలో ఉంది. ఆవిడది రాజోలు వైపు. గల్ఫ్ ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళు నర్సుగా చేసి, రిటైరై కొత్తపేటలో ఉంటున్నారు. ఎవరైనా అబద్ధం చెబితే జ్వరం చూసినట్టు కళ్ళజోడు పైనుంచి చూస్తారు. అక్కడ ఎప్పుడైనా కర్ర పట్టేరా, ఎంత బాగా ఆడగలరు అని ఒక్కొక్కరినీ అడిగి అంకె వేస్తున్నారు. మా ఆవిడ అన్నగారు, నాకు బావగారు, అక్కడ నీళ్ళ ట్యాంకరు నడిపేడు. ఆయన చాలా అమాయకంగా మొహం పెట్టి, "నాకేమొచ్చండీ, నీళ్ళు పోయడానికెళ్ళి దూరం నుంచి చూసేను, అంతే," అని పద్దెనిమిది వేయించుకున్నాడు. సిస్టర్ గారు తనకి పన్నెండు వేసుకున్నారు. ఆస్పత్రి సిబ్బందిని ఏడాదికో రోజు ఆడనిచ్చేవారట.

నా వంతు వచ్చింది.

"మీరండీ?"

"అక్కడ నాకు సున్నా ఉండేదండీ," అన్నాను.

అధ్యక్షులు కాఫీ కప్పు కింద పెట్టేరు. "సున్నానే! మన కోనసీమ మనిషికి సున్నానే!" అన్నారు. లేచి నాకు చెయ్యి కలిపేరు. సిస్టర్ గారు కళ్ళజోడు పైనుంచి ఓ క్షణం చూసి, నా పేరు పక్కన గుండ్రంగా సున్నా చుట్టేరు.

అదీ జరిగింది. నాకు సున్నా వేసేరని మొదట్లో అన్నాను గదా. నేనే అడిగి వేయించుకున్నాను. కానీ పెద్దమనిషి ఏదో మాట వరసకి అంటే, అంత గుండ్రంగా రాసేసుకోవడమేనా? ఓ పది రాసుకుందాం లెండి అని బతిమాలొద్దా?

ఎలాగూ ఇంతవరకూ వచ్చింది గాబట్టి మిగతాదీ చెప్పేస్తాను. నేను దొరలతో గోల్ఫ్ ఆడేనని ఊళ్ళో పందొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను. మా వీధరుగు మీద గోడకి ఫోటో ఉంది. చేతిలో కర్రతో నేను, పక్కన ఎర్రమొహం దొర, వెనకాల బ్రౌన్. ఆ దొరని ఆరు గుంటల తేడాతో ఓడించేక తీసిన ఫోటో అని ఎంతమందికి చెప్పేనో లెక్క లేదు. నిజానికి ఆ దొర బూటు లేసు కట్టుకోవడానికి వంగుతూ కర్ర నాకిచ్చేడు. ఆయన లేచేసరికి ఎవరో కెమెరా నొక్కేరు. నేను అక్కడ ఒక్కసారి కూడా బంతి కొట్టలేదు. నా పని బ్రౌన్ లాగడం. ఆటగాళ్ళు తొక్కి పాడుచేసిన ఇసకని, బరువు కట్టిన తివాచీ ముక్కతో మళ్ళీ నున్నగా లాగడం. ఇరవై రెండేళ్ళు అదే పని.

సోమవారం పొద్దున్న ఆరింటికి ఆట మొదలైంది. ఆరు గుంటలు, రోజుకి రెండు చుట్లు, ఆరు రోజుల దెబ్బలు కలిపి ఎవరికి తక్కువైతే వాళ్ళది కప్పు. మొదటి దెబ్బ సున్నా మనిషి చేత కొట్టించాలని అధ్యక్షుల పట్టుదల. ఊళ్ళోంచి ఓ వంద మంది వచ్చేరు. సరే, పాతిక మంది. నేను టోపీ సర్దుకుని, మెడలోంచి గడ్డి ముక్క తీసి పరిచి, దొరలు నిలబడినట్టే నిలబడ్డాను. నిలబడ్డం నాకు బాగా వచ్చు. ఇరవై రెండేళ్ళు దగ్గర్నుంచి చూసింది అదే గదా.

కర్ర ఊపేను. గడ్డి ముక్క ఎగిరి కొబ్బరి చెట్టు మొదట్లో పడింది. బంతి ఉన్నచోటే ఉంది.

"అది అలవాటు కోసం ఊపేరు," అన్నారు అధ్యక్షులు, జనంతో.

"మరేనండీ," అన్నాను.

రెండోసారి బంతి కదిలింది. ముందుకి కాదు, పక్కకి, బోదె కాలవలోకి. మొత్తం మీద ఆ రోజు తొంభై ఏడు కొట్టేను. మాఫీ సున్నా కాబట్టి తొంభై ఏడూ నల్లబల్లకెక్కింది. మా బావగారు ఎనభై రెండు కొట్టి, పద్దెనిమిది తీసేస్తే అరవై నాలుగు. ఆయన మొదట, నేను చివర. దూరం నుంచి చూసేనన్నాడే, ఆ మనిషి బంతి కొడుతుంటే కర్ర ఈలేసింది! నాకప్పుడే అర్థమయింది, ట్యాంకరు ఆపుకుని ఈయన అక్కడేం చేసేవాడో. నేను లేనిది చెప్పి చెడిపోయేను, ఆయన ఉన్నది దాచి బాగుపడ్డాడు. పైగా ఆయన్ని చూసి ఎంత అణుకువ అంటారు జనం!

"ఏంటండీ బావగారూ, సున్నా అంటే తొంభై ఏడా?" అన్నాడు టీ కొట్టు దగ్గర, నలుగురూ వినేలా.

"దుబ్బులండీ. మాకక్కడ దుబ్బులు లేవు."

"రాళ్ళు ఉండేవి గదండీ."

"రాళ్ళు వేరు, దుబ్బులు వేరండీ."

మంగళవారం గాలి అన్నాను. బుధవారం, నేను కొట్టబోతుంటే కాకి అరిచిందన్నాను. అది అరిచిన మాట నిజమే, కాకపోతే నేను కొట్టేసేక అరిచింది. నా బంతి చూసే అరిచి ఉంటుంది.

ఇంట్లో మా ఆవిడ మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి నిలబడింది. "ఏవండీ, ఆ సున్నా తీసేయమని అడగరాదూ?"

"అడిగితే ఎందుకని అడుగుతారే."

"చెప్పండి."

"ఏమని చెప్పమంటావు? పందొమ్మిదేళ్ళు ఊరంతా చెప్పుకుని, ఇప్పుడు నేను ఇసక లాగేవాడినని చెప్పమంటావా?"

"నాకు తెలిసిందే గదా," అంది.

ఆవిడకి కూడా నేను ఆడేననే చెప్పేను.

"అక్కణ్ణుంచి రాసిన ఉత్తరాల్లో చేతులు బొబ్బలెక్కేయని రాసేవారు. సరదాగా కర్ర పట్టుకుంటే ఇరవై ఏళ్ళు బొబ్బలెక్కుతాయా ఎవరికైనా?" అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మజ్జిగ నేనింకా తాగలేదు.

ఆ రాత్రి ఇక తేలిపోయింది. సున్నాతో ఉంటే శనివారం దాకా అట్టడుగున ఉండాలి. సున్నా తీయించుకోవాలంటే కథ వదులుకోవాలి. అట్టడుగే నయం అనుకున్నాను. ఆటలో చెడ్డరోజులుంటాయి, వయసు మీదపడిందనుకుంటారు. కథ పోతే మనిషే పోయినట్టు.

అయితే నన్ను నిజంగా దహించేసింది నల్లబల్ల కాదండీ. ఆ బ్రౌన్లు! ఒక్కో జట్టూ ఆడేక తర్వాతి వాళ్ళకోసం ఇసక లాగాలని రూలు పెట్టేరు, బానే ఉంది. లాగడానికి ఇనుప గొట్టానికి తాడు కట్టి ఇచ్చేరు, అదీ బానే ఉంది. ఎలా లాగుతున్నారు? ధాన్యం ఎగదోసినట్టు! ఈ చివర్నుంచి ఆ చివరికి అడ్డంగా ఈడ్చి, గొట్టం అక్కడే పడేసి పోవడం. గుంట ముందు గట్టు తేలుతుంది. అడుగుల జాడలు అలాగే ఉంటాయి. గురువారం సిస్టర్ గారు మూరెడు దూరం నుంచి బంతిని తిన్నగా గుంటకేసి తోస్తే, అది ఇసక గట్టు తగిలి పక్కకి దొర్లి బరకం దిగిపోయింది. ఆవిడ, "పోనీలెండి," అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అక్కడ నేనలా లాగి ఉంటే మర్నాడే విమానం ఎక్కించేవారు. సరే, విమానం ఎక్కించరు, తిడతారు. కానీ నన్నెప్పుడూ తిట్టలేదు. ఆ సంగతి మాత్రం ఎక్కడైనా చెబుతాను.

నోరు విప్పి చెప్పడానికి లేదు. నీకెలా తెలుసంటారు.

శుక్రవారం తెల్లవారుతుండగానే, ఎవరూ రాకముందు, చేలోకి వెళ్ళేను. గొట్టానికి గోనెసంచి చుట్టి, తాడుతో బిగించేను. మొదటి బ్రౌన్ దగ్గర గుంట పక్కన నిలబడి, అక్కణ్ణుంచి చుట్లు చుట్టుకుంటూ, వెనక్కి నడుస్తూ అంచుదాకా లాగేను. అలా లాగితే మన అడుగు మీద మళ్ళీ గొట్టం వస్తుంది, ఒక్క జాడ మిగలదు. అంచు దగ్గర గొట్టం ఎత్తి దులపాలి, ఈడ్చకూడదు. చేతులకి అన్నీ గుర్తున్నాయి. ఆరు బ్రౌన్లూ అయ్యేసరికి ఎండ కొబ్బరి మట్టల్లోంచి ఏటవాలుగా పడి, ఇసక మీద చుట్లు చుట్లుగా గీతలు కనపడుతున్నాయి. నడుం పట్టేసింది. గట్టు మీద ఎవరో నిలబడి ఉన్నారు. సిస్టర్ గారు, పొద్దుటి నడకకి వచ్చినట్టున్నారు.

"ఆడేవాళ్ళెవరూ అలా లాగగా చూడలేదండీ నేను," అన్నారు.

నేను గొట్టానికి చుట్టిన గోనెసంచి విప్పసాగేను.

"మా ఆస్పత్రి కిటికీలోంచి గోల్ఫ్ మైదానం కనపడేదండీ. డ్యూటీ దిగేక టీ తాగుతూ చూసేదాన్ని. ఇలాగే ఒకాయన, మొహానికి తువ్వాలు చుట్టుకుని, వెనక్కి నడుచుకుంటూ లాగేవారు. అది మీరేనని అనటం లేదు. అందరూ అలాగే చుట్టుకునేవారు గదా తువ్వాళ్ళు."

"ఏ ఊళ్ళో?" అన్నాను. నోరు జారింది.

ఆవిడ ఊరు పేరు చెప్పేరు. మాది ఆ ఊరు కాదు. అయినా అవుననాలనిపించింది. అనలేదు. ఆ వారంలో నేను చెప్పకుండా ఆగిన అబద్ధం అదొక్కటే.

"సున్నా కొట్టేసి ఇరవై వేస్తానండీ, మీరు ఊఁ అంటే. కాకపోతే కారణం కమిటీలో చెప్పాలి. రూలు."

"వద్దండీ."

"ఆయ్. నేనెవరికీ చెప్పనండీ. చెప్పాల్సింది నేను కాదు," అని నడుచుకుంటూ వెళ్ళిపోయేరు.

ఆ పూట బంతులు దొర్లేయి చూడండి! అద్దం మీద పాదరసంలా దొర్లేయి. అందరి దెబ్బలూ తగ్గేయి. నావి తప్ప. నేను బ్రౌన్ దాకా చేరడానికే అన్ని దెబ్బలూ అయిపోయేవి. అధ్యక్షులు బ్రౌన్ మీద వంగి, చేత్తో తడిమి, "అచ్చం అక్కడిలాగే ఉందండీ," అంటూ కళ్ళు తుడుచుకున్నారు. చెమటో మరేమిటో.

మధ్యాహ్నం గదిలో కాఫీ దగ్గర అడిగేరు. "ఎవరండీ ఆ పుణ్యాత్ములు? ఆరు బ్రౌన్లూ అంత అందంగా లాగింది ఎవరు?"

సిస్టర్ గారు ఖర్జూరం గింజ తీస్తూ తల దించుకున్నారు. నేను కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాను. ఇంతలో మా బావగారు గొంతు సవరించుకున్నాడు.

"ఏదోనండీ. పొద్దున్నే మెలకువ వచ్చింది. అలా వెళ్ళి, కాస్త చెయ్యి వేసేను."

"మీరేనండీ!" అన్నారు అధ్యక్షులు.

"పెద్ద విశేషం కాదు లెండి. అటూ ఇటూ ఓ రెండు సార్లు ఈడ్చేను."

అటూ ఇటూ! ఈడ్చేను! అయిదు రోజులు అట్టడుగున ఉంచితే ఉన్నాను. కాకి చేత కూడా అనిపించుకున్నాను. కానీ ఆరు బ్రౌన్లు, చుట్టు మీద చుట్టు, అడుగు జాడ లేకుండా, ఈ నడుంతో నేను లాగితే, ఈడ్చేనంటాడా?

"అబద్ధం!" అన్నాను. లేచి నిలబడ్డానని తర్వాత చెప్పేరు. "ఈడిస్తే అలా రాదండీ! అది నేను లాగేను. గుంట దగ్గర మొదలెట్టి, వెనక్కి నడిచి, అంచున ఎత్తి దులిపి లాగేను. ఇరవై రెండేళ్ళు అదే లాగేనండీ నేను! పొద్దున్న తొమ్మిది బ్రౌన్లు, సాయంత్రం తొమ్మిది! దొర చేత మాట పడకుండా లాగేను!"

అధ్యక్షులు కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"ఇరవై రెండేళ్ళా?" అన్నారు అధ్యక్షులు, నెమ్మదిగా.

"ఆయ్."

"మరి ఆడింది ఎప్పుడండీ?"

ఇంక దాచడానికేం మిగల్లేదు. "ఆడలేదండీ."

"సున్నా?"

"లేదండీ."

"దొరని ఓడించిన ఫోటో?"

"బూటు లేసండీ," అన్నాను. వాళ్ళకి అర్థం కాలేదు, అదంతా విడమర్చి చెప్పాల్సొచ్చింది. అంతకన్నా ఘోరమైన పావుగంట నా జీవితంలో లేదు.

అప్పుడు అందుకున్నాడు మా బావగారు. "చూసేరాండీ! నేను ఒక్క పూట, ఒక్క మాట చెప్పుకున్నానని ఎగిరిపడ్డారు. మీరు చెయ్యనిది చేసేనని పందొమ్మిదేళ్ళు చెప్పుకున్నారు గదండీ బావగారూ! ఆ ఓడిపోయిన దొర వింటే ఎంత ఎగరాలి?"

మనిషి చెడ్డవాడైనా మాట సరైనది కావడం, దీనికి మించిన అన్యాయం ఉందా?

సిస్టర్ గారు పుస్తకం తెరిచేరు. సున్నా మీద అడ్డగీత గీసి, ఇరవై వేసేరు. కారణం అన్నచోట కలం ఆపి, "ఏం రాయమంటారండీ?" అన్నారు.

"బ్రౌన్ పని, ఇరవై రెండేళ్ళు," అన్నాను. "నల్లబల్ల మీద కూడా రాయించండి. పెద్దక్షరాలు." కోపంలో అన్నాను. రాయించేరు. అంత పెద్దవి రాస్తారనుకోలేదు.

రోజుకి ఇరవై చొప్పున వెనకటి రోజులకీ తీసేసి లెక్క కట్టేరు. నేను పదకొండో స్థానం నుంచి తొమ్మిదో స్థానానికి వచ్చేను. ఇరవై మాఫీ చేసినా తొమ్మిదేనా అని సిస్టర్ గారిని మళ్ళీ కూడమన్నాను. మళ్ళీ కూడేరు. తొమ్మిదే.

శనివారం పొద్దున్న నేను వెళ్ళేసరికి పదిమందీ మొదటి బ్రౌన్ చుట్టూ, బరకం తొక్కకుండా, చెప్పులు విప్పి నిలబడి ఉన్నారు. అధ్యక్షులు గొట్టం తాడు నా చేతికిచ్చేరు. ఎలా లాగాలో చూపించమన్నారు. చూపించేను. ఒక్కొక్కరి చేతా లాగించేను. మా బావగారు ముందుకి నడుస్తూ లాగేడు.

"వెనక్కండీ బావగారూ! ట్యాంకరు కాదది!"

"నడుం తిరగట్లేదండీ."

"నాకు మాత్రం తిరిగిందా నిన్న? గొట్టం ఎత్తండి. ఎత్తి దులపండి. ఈడ్చకండీ అంటే!"

ఆ ఒక్కసారీ ఆయన్ని మనసారా తిట్టేను. ఆయన నోరెత్తకుండా పడ్డాడు. సరే, నోరెత్తేడు, కానీ చివర్న అంచు దగ్గర గొట్టం ఎత్తి దులిపేడు.

కప్పు ఆయనకి రాలేదు. గురువారం దాకా ఆయనే ముందున్నాడు. బంతి దూరంగా కొట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. కానీ దగ్గర్నుంచి మెల్లగా దొర్లించడంలో సిస్టర్ గారి చెయ్యే చెయ్యి. బ్రౌన్లు బాగుపడ్డ శుక్ర, శనివారాలు ఆవిడ దొర్లించిన బంతల్లా గుంటలో పడింది. మూడు దెబ్బల తేడాతో ఆవిడ గెలిచేరు. ఆదివారం చర్చి అయ్యేక క్లబ్బులో కప్పు ఇచ్చేరు. అధ్యక్షుల ఇంట్లోని ఇత్తడి చెంబే కప్పు. మా బావగారు నా పక్కన కూర్చుని, "మీరు పొద్దున్నే లేచి ఆ పని చెయ్యకపోతే అది నాదేనండీ," అన్నాడు.

"మరి మీరే చేసేనన్నారు గదండీ," అన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వీధరుగు మీద ఫోటో దగ్గర నిలబడి ఉంది. నల్లబల్ల సంగతి తనకి అప్పటికే ఎవరో చెప్పేరు.

"తీసెయ్యమంటారా?"

"ఎందుకు తియ్యాలి?" అన్నాను. ఎక్కడలేని కోపం వచ్చింది. "నేనున్నాను గదా అందులో! ఎవరి ఫోటో ఏమైనా ఎత్తుకొచ్చేనా?"

మర్నాడు గేదెల ఆసామి పాల కేను సైకిలుకి తగిలించుకుని అటు పోతూ ఆగేడు. ఫోటో చూసేడు, నన్ను చూసేడు. నల్లబల్ల ఆయనా చదివినట్టున్నాడు. పందొమ్మిదేళ్ళుగా ఎవరాగినా నేను లేచి వెళ్ళి వేలు పెట్టి చూపించింది ఆ కర్రనే. ఈసారీ లేచేను. దొర భుజం వెనకాల కనపడే ఇసక మీద వేలు పెట్టేను.

"ఆ చుట్లు చూసేరాండీ? గుంట దగ్గర్నుంచి అంచుదాకా. అది నేను లాగింది. ఒక్క అడుగు జాడైనా ఉందేమో చూడండి."

ఆయన సైకిలు స్టాండు వేసి, దగ్గరికొచ్చి, కళ్ళు చికిలించి చూసేడు. "ఇక్కడోటి ఉన్నట్టుందండీ," అన్నాడు.

నేనూ చూసేను. సరే, ఒకటి ఉంది. కానీ అది బూటు జాడ. నాది కాదు, దొరది.